ఆయమ్మ, ముసునూరు, మూసిన తలుపు

ఈ వేసవిలో ఆవకాయకి ముక్కలు కొట్టించుకుందామని చిన్నరసం కాయలు సంచీ నిండా పట్టుకుని నూజివీడు మార్కెట్ రోడ్డుకి వెళ్ళాను. మూతపడ్డ ఎరువుల కొట్టు అరుగు మీద, ఆయమ్మ కూర్చునే చోట ఇంకెవరో కూర్చుని ఉన్నారు. చెక్కకి బిగించిన కత్తి మాత్రం ఆయమ్మదే. పిడికి చుట్టిన నీలం చీర పీలిక కూడా అదే.

"ఆయమ్మ రాలేదాండీ?" అని అడిగాను.

"పోయింది కదండీ, మొన్న చలికాలంలో. నాకు పెద్దమ్మ అవుద్ది. నాలుగు రోజులు జ్వరం వచ్చింది, అంతే," అంది ఆవిడ కాయని కత్తి కింద సర్దుకుంటూ. "మీకు తెలీదా?"

తెలీదు. నాకు ఎవరు చెప్తారు? ఆవిడ మా ఇంటికి రావడం మానేసి చాన్నాళ్ళైంది, కలిస్తే వేసవిలో ఈ అరుగు దగ్గరే. ఆయమ్మ పేరేమిటో నేను ఏనాడూ అడగలేదు, ఆవిడా నా పేరు అడగలేదు. నేను ఆయమ్మా అనేదాన్ని, ఆవిడ టీచరమ్మా అనేది. ముక్కలు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. సాయంత్రం దాకా వాటిని తుడవబుద్ధి కాలేదు. మా కుక్క మాత్రం ఎప్పట్లాగే గుమ్మం దగ్గర నిద్రపోతోంది. నేను వచ్చినప్పుడు ఒకసారి తలెత్తి చూసి మళ్ళీ పడుకుంది. అది అలా నిశ్చింతగా పడుకోవడం వెనక ఆయమ్మ ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆవిడ కన్యాస్త్రీలు నడిపే ఆడపిల్లల హాస్టల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా ఆయాగా చేసింది. ఆ పని మానేశాక ఎండాకాలంలో ఆ అరుగు మీద కూర్చుని ముక్కలు కొట్టేది. పొట్టి మనిషి. సొన అంటకుండా మోచేతుల దాకా ఆముదం రాసుకునేది. కాయని నిలబెట్టి ఒక్క వేటు వేసేది, బొటనవేలితో జీడి తీసి పక్కకి విసిరేది. ముక్కకి టెంక అంటుకుని రాకపోతే కాయనే తిట్టేది గాని కత్తిని అనేది కాదు.

మనుషుల్ని ఊరి పేరుతో పిలవడం హాస్టల్ నాటి అలవాటు. ఒక్క గదిలో నలుగురు మేరీలుంటే ఇంకేం చేయగలదు. ఒకసారి నేనక్కడ ఉండగానే కారులోంచి ఒకావిడ దిగింది. చేతిలో ఖరీదైన బ్యాగు, నల్ల కళ్ళద్దాలు. ఆయమ్మ తలెత్తి, "ఏం చాట్రాయీ, ఇప్పుడన్నా కంచంలో అన్నం వదలకుండా తింటున్నావా?" అంది. ఆవిడ కళ్ళద్దాలు తీసేసి, "తింటున్నాను ఆయమ్మా," అని చేతులు కట్టుకుని నిలబడింది.

నాకు ఆవిడతో పరిచయం కుక్క వల్ల అయింది. మా బడి ముసునూరులో. మూడేళ్ళ కిందట, ఒంటిపూట బడులు మొదలైన కొత్తలో, బడి వెనక అద్దె ఇంట్లోంచి ఏదో చప్పుడొస్తోందని పిల్లలు చెప్పారు. అందులో ఉన్నవాళ్ళు ఖాళీ చేసి అప్పటికి ఆరేడు రోజులైంది. మా హెడ్మాస్టరు గారు ఇంటివాళ్ళని పిలిపించి తాళం తీయించారు. లోపల గోధుమరంగు ఆడకుక్క. బాత్రూమ్ బకెట్లో మిగిలిన నీళ్ళు తాగి బతికినట్టుంది. తలుపు కింది చెక్కంతా కొరికేసింది. తలుపు తీసినా బయటికి పరిగెత్తలేదు. వచ్చి నా చీర కుచ్చిళ్ళ మీద పడుకుంది. లేపితే లేవలేదు.

నేను ఒక్కదాన్నే ఉంటాను. అంతకుముందు కుక్కని పెంచి ఎరగను. కాళ్ళ మీదనుంచి దాన్ని తీసేయలేక ఆటోలో నూజివీడు ఇంటికి తెచ్చుకున్నాను.

నేను ఇంట్లో ఉన్నంతసేపూ అంత మంచి కుక్క ఇంకోటి ఉండదు. తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, నిలువెల్లా వణికేది. నేను బడికి వెళ్ళి మధ్యాహ్నం వచ్చేసరికి తలుపంతా గోళ్ళ గీతలు, నేలంతా చొంగ, అక్కడక్కడా రక్తం. గోళ్ళు చీలిపోయేవి. పశువుల డాక్టరు గారు కట్టు కట్టి, మందు రాసి, "మందు కొంచెం సాయం చేస్తుందండీ. కానీ ఒంటరిగా ఉండటం దానికి మీరే నేర్పాలి," అన్నారు. ఎలా నేర్పాలో నాకు అర్థం కాలేదు.

మేడ మీద ఉండే ఓనరు గారు రెండు వారాలు ఓపిక పట్టి కిందికి దిగొచ్చారు. "మేడమ్, మా నాన్నగారికి గుండె ఆపరేషనైంది. ఈ ఏడుపుకి ఆయన పగలు కన్ను మూయట్లేదు. జూన్లో బడి తెరిచేలోపు ఏదో ఒకటి చూసుకోండి. లేకపోతే ఇల్లన్నా చూసుకోండి." ఆయన్ని తప్పు పట్టలేను. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకాయన, "మా తోటలో కట్టేస్తాను, కాపలాకి పనికొస్తుంది," అన్నాడు. ఆ మాట విన్నప్పటినుంచీ మామిడిచెట్టు మొదలుకి గొలుసుతో కట్టేసిన కుక్కే కళ్ళ ముందు కనిపించేది. వేసవి సెలవులిచ్చారు. రోజులు గడుస్తున్నకొద్దీ నాకు అన్నం సయించేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం ముక్కల కోసం వెళ్ళి అరుగు ముందు నిలబడ్డాను. కుక్కని వదిలి వచ్చి పావుగంటైంది. వాచీ చూసుకుంటున్నాను, మళ్ళీ చూసుకుంటున్నాను.

"ఏంటమ్మా అంత కంగారు? పసిబిడ్డని ఇంట్లో వదిలొచ్చావా?" అంది ఆయమ్మ.

"కుక్కనండీ," అని జరిగిందంతా చెప్పాను. ఆవిడ కత్తి ఆపి విన్నది.

"ఆ పాతవాళ్ళు దానికి చెప్పి వెళ్ళారా, చెప్పకుండా వెళ్ళారా?"

"కుక్కకి ఎవరు చెప్తారండీ?"

"అయితే చెప్పకుండానే వెళ్ళారు." ఇంకో కాయ కత్తి కింద పెట్టింది. "ఇల్లెక్కడ? సాయంత్రం వస్తా."

నిజంగానే వచ్చింది. రాగానే కుక్క వైపు చూడలేదు. బియ్యం, చేట తెమ్మంది. హాల్లో నేల మీద, కుక్కకి వీపు పెట్టి కూర్చుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది. నేను పిలిచి పరిచయం చేయబోతే, "చూడకు దాన్ని. పిలవకు. కొత్తపిల్ల హాస్టలుకొచ్చినప్పుడు నేనిట్టాగే కూర్చునేదాన్ని. దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వచ్చుద్ది," అంది. గంటన్నర గడిచింది. ఆ బియ్యంలో రాళ్ళే లేవు, అయినా ఏరుతూనే ఉంది. చివరికి కుక్క మంచం కింద నుంచి వచ్చి ఆవిడ వీపు వాసన చూసి, ఆముదం రాసిన మోచేయి నాకింది. ఆయమ్మ తల తిప్పలేదు. "ఏ ఊరమ్మా ఇది?" అని నన్నడిగింది.

"ముసునూరు."

"ముసునూరూ, పడుకో," అంది. దానికి నేను పెట్టుకున్న ముద్దుపేరు ఒకటుండేది. ఆ రోజు నుంచి అది ముసునూరే అయిపోయింది.

మర్నాడు నుంచి పాఠం మొదలైంది. ముందు తాళంచెవి. అది తీసి చేతిలో పట్టుకుని వెళ్ళి వంటింట్లో కూర్చోవాలి. బ్యాగు తగిలించుకుని పేపరు చదవాలి. చెప్పులేసుకుని పప్పు పోపు పెట్టాలి. రోజుకి ముప్ఫై సార్లు. నాలుగో రోజుకి తాళంచెవి చప్పుడైతే ముసునూరు చెవి మాత్రం కదిపి ఊరుకుంది. ఆ తర్వాత తలుపు తీసి, బయటికెళ్ళకుండానే వేసేయడం. ఆ తర్వాత ఒక్క క్షణం బయట నిలబడటం.

ఆయమ్మకి గడియారంతో పని లేదు. మరియమ్మ తల్లికి చెప్పుకునే మంగళవార్త జపంతో కొలిచేది. "ఇవాళ మూడు మంగళవార్తలు," అనేది. ఇద్దరం గుమ్మం బయట నిలబడేవాళ్ళం. ఆవిడ కళ్ళు మూసుకుని పెదాలు కదిపేది. నాకు ఆ జపం రాదు కాబట్టి పదమూడో ఎక్కం చదువుకునేదాన్ని. నా చెవి మాత్రం తలుపుకే. లోపల చిన్న గీరుడు వినిపించినా నా చెయ్యి గడియ మీదకి పోయేది. ఆవిడ నా మణికట్టు పట్టుకునేది.

"వచ్చేస్తా బంగారం, ఏడవకు అంటున్నావు చూడు, ఆ మాటలు మానెయ్," అంది ఒకరోజు. "నీ గొంతులోనే ఏడుపుంది. అది ఏడవకుండా ఎట్టా ఉంటది? వెళ్తున్నా అని మామూలుగా చెప్పు. వెళ్ళు. వచ్చాక ఎగబడకు. బ్యాగు పెట్టు, మంచినీళ్ళు తాగు, అప్పుడు పలకరించు."

వెళ్ళే ముందు కొబ్బరి చిప్పలో పెరుగన్నం గట్టిగా అదిమి ఇమ్మని చెప్పింది. అది నేను వెళ్ళేటప్పుడే ఇవ్వాలి, ఇంకెప్పుడూ ఇవ్వకూడదు. హాస్టల్లో తల్లులు గేటు దాటుతున్నప్పుడు పిల్లల చేతిలో బెల్లంముక్క పెట్టేదట. "బెల్లం కోసం ఏడుపు మానరమ్మా. కానీ నోట్లో బెల్లం పెట్టుకుని గట్టిగా ఏడవలేరు," అంది. ఆవిడ నవ్వడం నేను చూసింది తక్కువ. అప్పుడు నవ్వింది.

మూడో వారానికి ఇరవై నిమిషాల దాకా వచ్చాం. నాకు ధైర్యం వచ్చింది. తప్పు అక్కడే జరిగింది.

విస్సన్నపేటలో మా చిన్నాన్న కూతురి నిశ్చితార్థం. వెళ్ళకపోతే మాటొస్తుంది. మధ్యాహ్నం భోజనం తర్వాత ముసునూరు మంచం పక్కన గాఢంగా నిద్రపోతోంది. లేపి చెప్పి ఏడిపించడం దేనికి, రెండు గంటల్లో వచ్చేస్తాను కదా అనుకున్నాను. చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడవకుండా వేసి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేటప్పుడు మామిడికాయల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయి బస్సు ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి నేను వెళ్ళి నాలుగున్నర గంటలైంది.

వీధి మలుపులోనే వినిపించింది. అది మొరుగుడు కాదు. గొంతు పోయి, గాలి మాత్రమే వస్తున్నట్టుగా ఉంది. గేటు దగ్గర ఓనరు గారు నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకి తప్పుకుని దారిచ్చారు. తలుపు సగం దాకే తెరుచుకుంది. ముసునూరు తలుపుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. కిటికీ దోమతెర చింపేసి ఇనపకడ్డీ కొరికింది. ముందుపన్ను ఒకటి విరిగింది. నన్ను చూసి తోక ఊపలేదు. మంచం కిందికి వెళ్ళిపోయింది.

ఆయమ్మకి చెప్పాలంటే నోరు రాలేదు. మర్నాడు ఆవిడే వచ్చి, తలుపు చూసి, "ఎంతసేపు?" అంది. చెప్పాను. "చెప్పి వెళ్ళావా?"

"నిద్రపోతోందని..."

ఆవిడ అక్కడే గుమ్మం మీద కూలబడినట్టు కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తలుపు మీద గీతల్ని వేలితో తడిమింది. తర్వాత ఆవిడ చెప్పిన సంగతి ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"నేను హాస్టల్లో చేరిన మొదటి ఏడు. ఏడేళ్ళ పిల్లని వాళ్ళ నాన్న తీసుకొచ్చాడు. తల్లి లేదు. పిల్ల ఆయన చొక్కా వదలట్లా. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. నాకేం తెలుసమ్మా అప్పుడు? బిస్కెట్లు కొనుక్కొస్తానని చెప్పి వెళ్ళిపొండి, కాసేపు ఏడ్చి ఊరుకుంటదని నేనే చెప్పా. ఆయన అట్టాగే వెళ్ళాడు. పిల్ల ఏడవలా. గేటు దగ్గర నిలబడింది. అన్నానికి రమ్మంటే, నాన్న బిస్కెట్లు తెస్తాడు అంది. చీకటి పడేదాకా నిలబడింది. మర్నాడు మళ్ళీ నిలబడింది. మూడో రోజు మధ్యాహ్నం అందరం భోజనాల దగ్గరుంటే వెనక తోటలోంచి వెళ్ళిపోయింది. సాయంత్రానికి విస్సన్నపేట రోడ్డు మీద దొరికింది. చెప్పుల్లేవు. తారు రోడ్డు, జూన్ నెల ఎండ. అరికాళ్ళు బొబ్బలెక్కి పగిలిపోయినయ్. ఎత్తుకుంటే నా మీద చెయ్యి వెయ్యలా. ఎవరు చెప్పారో, ఆ మాట నేర్పింది నేనేనని దానికి తెలిసింది. పదో తరగతి దాకా అక్కడే చదివింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు."

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది. బాగానే ఉందంట, ఉద్యోగం చేస్తదంట. నాకు కనపడదు." ఆవిడ లేచింది. "ఏడుస్తదని చెప్పకుండా వెళ్ళకు టీచరమ్మా. ఏడిస్తే ఏడవనీ. చెప్పి వెళ్తే, తిరిగొచ్చినప్పుడు నీ మాట నమ్ముద్ది. పద, తాళంచెవి తియ్యి. మళ్ళీ మొదటినుంచి."

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం. బడి తెరవడానికి నాలుగు వారాలే ఉంది. ఓనరు గారిని బతిమాలుకుని గడువు దాకా ఆగమన్నాను. ఆయన సరేనన్నారు, కానీ ఆయన భార్య, ఆంటీ గారు, వేరే వాళ్ళకి ఇల్లు చూపించడం నేను చూశాను. తాళంచెవి, చెప్పులు, తలుపు. ఒక మంగళవార్త, మూడు, పది. ఒకరోజు గంట ఉండేది, మర్నాడు పది నిమిషాలకే గీరడం మొదలుపెట్టేది. అలాంటి రోజు నేను కూలిపోయేదాన్ని. ఆయమ్మ, "ఇవాళ బాగోలేదు దానికి. రేపు తక్కువ చేద్దాం," అనేది, జ్వరం వచ్చిన పిల్ల గురించి చెప్పినట్టు. ఎండలో నడిచి వచ్చేది, టీ సాసర్లో పోసుకుని తాగేది, ముసునూరుని ఒక్కసారైనా ఎత్తుకోవడం గాని ముద్దు చేయడం గాని నేను చూడలేదు. కానీ అది మాత్రం ఆవిడ కాళ్ళ దగ్గరే పడుకునేది.

జూన్ వచ్చేసరికి నాలుగు గంటలు ఉండగలిగింది. నేను ఎనిమిదింటికి వెళ్తే వచ్చేది సాయంత్రం ఐదింటికి. ఆయమ్మే ఉపాయం చెప్పింది. ఒక తాళంచెవి ఆవిడ దగ్గరుంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చి అన్నం పెట్టి, కాసేపు బయట తిప్పి, చెప్పి వెళ్ళిపోతుంది.

"మొదటిరోజు మీరు పొద్దున్నుంచీ లోపలే ఉండకూడదా?" అని అడిగాను.

"నేనుంటే అది ఒంటరిగా ఉన్నట్టు ఎట్టా అవుద్ది?" అంది. "నువ్వెళ్ళు. మీ బడిలో పిల్లల సంగతి చూసుకో."

బడి తెరిచారు. "వెళ్తున్నా ముసునూరూ," అన్నాను మామూలుగా, లేదా మామూలుగా అన్నాననుకున్నాను. కొబ్బరి చిప్ప ఇచ్చి తలుపేశాను.  ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల ఒకతి వాళ్ళమ్మ కొంగు వదలక గేటు దగ్గర ఏడుస్తుంటే నేను అటు చూడలేకపోయాను. బోర్డు మీద నేను రాసింది పిల్లలు రెండుసార్లు సరిదిద్దారు. ఆయమ్మకి ఫోన్ లేదు. ఓనరు గారికి ఫోన్ చేయడానికి ధైర్యం లేదు. ఫోన్ మోగితే ఆయనేనేమో అని భయం, మోగకపోతే ఇంకో భయం. మధ్యాహ్నం డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టేశాను.

ఐదవుతుండగా మా వీధి మలుపు తిరిగాను. నిలబడి విన్నాను. చప్పుడు లేదు. చప్పుడు లేకపోవడం కూడా మంచిదని అనిపించలేదు. గబగబా నడిచాను. మా ఇంటికి ఎదురుగా కాలువ మీద సిమెంటు దిమ్మ ఉంది. దాని మీద ఆయమ్మ కూర్చుని ఉంది. చెమటకి జాకెట్టంతా తడిసిపోయింది. పక్కన ఆవిడ తెచ్చుకున్న అన్నం గిన్నె మూత కూడా తీయలేదు.

"ఇంకా వెళ్ళలేదా ఆయమ్మా?"

"నువ్వు వెళ్ళినప్పటినుంచీ ఇక్కడే ఉన్నా," అంది. "మధ్యాహ్నం లోపలికెళ్ళి అన్నం పెట్టి మళ్ళీ వచ్చి కూర్చున్నా."

 ఈలోగా మేడ మీద బాల్కనీలోంచి ఆంటీ గారు పిలిచారు. "టీచర్ గారూ, పొద్దున ఒక పావుగంట గొడవ చేసింది. తర్వాత మళ్ళీ అలికిడి లేదండీ. మావయ్య గారు మధ్యాహ్నం హాయిగా పడుకున్నారు."

ఆయమ్మ నా చెయ్యి పట్టుకుని లాగింది. "ఏమంటుందావిడ?"

"మీకు వినపళ్ళేదా?"

"దగ్గర మాట వినపడుద్ది. దూరం మాట నాకు వినపడదమ్మా. రెండేళ్ళయింది," అంది, అదేదో చిన్న సంగతి అయినట్టు.

"మరి ఇక్కడ కూర్చుని ఏం విన్నారు పొద్దుట్నుంచీ?"

"వినడమేంటి. తలుపు చూస్తున్నా. అది లోపల గీరితే తలుపు కదులుద్ది కదా." మా తలుపు వైపు చూపించింది. "నువ్వు బస్సెక్కే వేళకి కదలడం మొదలెట్టింది. బాగా కదిలింది. తాళంచెవి నా చేతిలోనే ఉంది. మూడుసార్లు గేటు దాకా వెళ్ళానమ్మా. మూడుసార్లూ వెనక్కొచ్చి కూర్చున్నా. తర్వాత ఆగిపోయింది. ఆగిపోయాక ఇంకా భయమేసింది. పన్నెండింటికి వెళ్ళి చూస్తే చిప్ప ఖాళీ చేసి పడుకుని ఉంది."

ఆవిడ అరచెయ్యి తెరిచింది. తాళంచెవి పళ్ళు లోపలికంటా దిగి ఎర్రగా గుర్తులు పడ్డాయి.  ఎన్ని వేల కాయలు కొట్టిన చెయ్యి అది.

నేను గేటు తీశాను. "రండి, ఇద్దరం కలిసి వెళ్దాం," అన్నాను. ఆవిడ వెంటనే లేవలేకపోయింది. భుజం పట్టుకుని లేపాను. గుమ్మం దగ్గరికొచ్చాక తాళంచెవి నా చేతిలో పెట్టి, గోడకి ఆనుకుని నిలబడి, మెల్లగా అంది.

"తియ్యమ్మా. ఇప్పుడు తియ్యొచ్చు."